‘పుల్లరి’ అన్న మాట గురించి, పల్నాటి సత్యాగ్రహం గురించి

ప్రశ్న: ‘పుల్లరి’లోని ‘అరి’, శత్రువు అనే అర్థం గల సంస్కృత పదమేనా? ప్రజలు ద్వేషించిన పన్ను కనుక ఆ పేరు వచ్చిందని మిత్రులొకరు చెప్పారు.

సమాధానం: కాదండీ. ఈ ‘అరి’ దేశ్యపదం. కప్పం, పన్ను అని దీని అర్థం. కప్పం కట్టే సామంతుణ్ణి ‘అరిగాపు’ అనడం ఇందులోనుంచి వచ్చినదే. ‘పులు’ అంటే గడ్డి. కాబట్టి పశువుల మేతకు కట్టే పన్ను పుల్లరి. కాకతీయుల కాలం నాటి పన్నుల పేర్లలోనే ఇది ఉంది. ఆంగ్లేయులు ఈ మాటనూ పుట్టించలేదు, ఈ పన్నునూ పుట్టించలేదు.

మరొకరి ప్రశ్న: అలాగైతే రాజులకు కట్టిన పన్నును దొరలకు కట్టడానికి జనం ఎందుకు ఎదురు తిరిగారు?

సమాధానం: అసలు ఆలోచించవలసినది ఇదే. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తరతరాలుగా ఊరి పశువులు మేస్తూ వచ్చిన అడవులు రిజర్వు అడవులై సర్కారు అదుపులోకి వెళ్ళాయి. అనుమతి లేకుండా హద్దు దాటిన పశువును బందెలదొడ్డికి తోలుకుపోయి, అపరాధ రుసుము చెల్లిస్తేగాని విడిచేవారు కారు. దుక్కి అదనులో కాడెద్దు దొడ్డిలో చిక్కిందంటే ఆ రైతుకు ఆ యేడు సేద్యం వెనకబడినట్లే. పైగా పశువు ఏ హద్దు దాటిందో చెప్పేది కూడా దాన్ని పట్టుకున్న అటవీ ఉద్యోగే. కట్టవలసిన సొమ్ముకంటే ఈ నిస్సహాయతే జనాన్ని ఎక్కువగా మండించిందని నేను నమ్ముతాను.

అమెరికా వలసల చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. 1773 నాటి తేయాకు చట్టం వల్ల అక్కడ ఈస్టిండియా కంపెనీ తేయాకు ధర నిజానికి తగ్గింది. అయినా ఆ యేడు డిసెంబరు 16న బోస్టన్ రేవులో అక్కడి వలసవాసులు 342 పెట్టెల తేయాకును నీటిపాలు చేశారు. తమ ప్రతినిధులు లేని పార్లమెంటుకు తమమీద పన్ను వేసే హక్కు లేదన్నది వారి వాదం. 1776 నాటికి అది స్వాతంత్ర్య ప్రకటన దాకా వెళ్ళింది.

పల్నాటిలోనూ మేత కష్టాలతో మొదలైన కోపం, 1921లో సహాయ నిరాకరణోద్యమం రావడంతో స్వరాజ్యం కోసం పోరుగా మారింది. జనం పుల్లరి కట్టడం మానేసి, అధికారులను సాంఘికంగా బహిష్కరించారు. చౌరీచౌరా ఘటన తరువాత 1922 ఫిబ్రవరిలో గాంధీజీ ఉద్యమాన్ని నిలిపివేసినా ఇక్కడి వేడి చల్లారలేదు. ఆ నెలలోనే మించాలపాడులో పుల్లరి సత్యాగ్రహ నాయకుడు కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో నేలకొరిగారు.

ఇంకొక మాట. అదే కాలంలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పెదనందిపాడు రైతులు నిరాకరించినది భూమిశిస్తు. శిస్తు భూమి ఉన్నవారి పన్ను. పుల్లరి సెంటు భూమి లేకపోయినా నాలుగు మేకలను అడవికి తోలుకునేవారికి సైతం తగిలే పన్ను. కాబట్టి రెండింటినీ కలిపి ‘పన్నుల నిరాకరణ’ అని రాసేవారు, పల్నాటి దగ్గరికి వచ్చేసరికి ‘పుల్లరి’ అన్న మాటనే వాడాలని నా విన్నపం.