‘ముత్యాల గర్భం’ సరే, ‘కాన్పు’ మాటేమిటి?

గర్భానికి సంబంధించిన కణితుల వల్ల స్త్రీలకు కలిగే ప్రాణాపాయాన్ని గురించి కరపత్రం తయారుచేస్తున్న సభ్యులొకరు గర్భంలో మాయ బిడ్డను పోషించేలా పెరగక నీటిబుడగలుగా మారే ‘మోలార్ ప్రెగ్నెన్సీ’కి తెలుగు మాట అడిగారు. యంత్రానువాదం ఆయనకు ‘పుట్టుమచ్చ గర్భం’ అని ఇచ్చిందట. ఇంగ్లీషులో పుట్టుమచ్చకూ ఈ జబ్బుకూ ఒకే స్పెల్లింగు ఉండటం వల్ల వచ్చిన తంటా అది. జబ్బు పేరులోని ‘మోల్’ తిరగలిరాయి అనే అర్థమున్న ‘మోలా’ అన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మన పత్రికల్లో ‘ముత్యాల గర్భం’ ఇదివరకే వాడుకలో ఉంది. మాయలోని సన్నని పోగులు నీరుపట్టి నీటిబుడగల గుత్తులుగా మారడాన్ని ఆ మాట కంటికి కట్టినట్టు చెబుతుంది కనుక కొత్త మాట పుట్టించే పని లేదు. ముత్యాలంటే శుభం స్ఫురిస్తుందనీ, ముత్యాలమ్మ కూడా గుర్తుకొస్తుందనీ మరొకరు అభ్యంతరం చెప్పారు. అయినా గుర్తుండే పేరే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ పేరు గుర్తుపెట్టుకుని మళ్ళీ రావలసింది రోగి.

‘రిస్క్ ఫ్యాక్టర్’ను ‘ప్రమాద కారకం’ అనడం మాత్రం నాకు నచ్చలేదు. కారకమంటే కలిగించేది. నలభై ఏళ్ళు దాటిన వయస్సు ఈ జబ్బులో ముప్పును సూచిస్తుందే తప్ప అదే చావును తెచ్చిపెట్టదు. రక్తంలో హెచ్‌సీజీ, అంటే గర్భం వచ్చినప్పుడు మాయ, ఈ జబ్బులో కణితీ విడుదల చేసే హార్మోను, లక్ష దాటడమూ అంతే. అందువల్ల ‘ముప్పును తెలిపే అంశాలు’ అంటే సరిపోతుంది. ‘కణితి’ అన్న మాటతోనూ జాగ్రత్త అవసరం. కణితి అనగానే మనిషి పొట్ట తడిమి చూసుకుంటుంది గానీ, మాయ కణాల నుంచి పుట్టే కేన్సరైన కోరియోకార్సినోమా నెత్తురు దారిన ఊపిరితిత్తులకు పాకి దగ్గులో నెత్తుటి జీరగా బయటపడవచ్చు. దాన్ని క్షయ అనుకుని నెలల తరబడి ఆ మందులే మింగిన సందర్భాలూ ఉంటాయి.

అసలు చిక్కు ‘కాన్పు’లో ఉంది. ఇది నేను చేసిన పొరపాటు ద్వారా తెలిసింది. కొన్నేళ్ళ క్రితం ఒడిశాలోని మా పర్లాకిమిడి వీధిలో ఇలాంటి కణితి ఉన్న ఒక అమ్మాయికి తోడుగా పెద్దాసుపత్రికి వెళ్ళాను. డాక్టరుగారికి ఒడియా, అమ్మాయికీ ఆమె అత్తగారికీ తెలుగు, మధ్యలో దుబాసీని నేను. ఇంతవరకు గర్భాలెన్ని అని ఆయన అడిగితే నేను ‘ఎన్ని కాన్పులమ్మా?’ అని తెలుగు చేశాను. ‘రెండు’ అంది. చిన్నపిల్లకు మూడేళ్ళు. ముప్పు ఎంతో తేల్చడానికి ఆయన కాగితం మీద గీతలు గీసి ఒక్కో అంశానికి అంకెలు వేయసాగారు. చివరి గర్భం నెలలు నిండిన కాన్పయితే రెండు, అది ముగిసి ఏడాది దాటితే నాలుగు, హెచ్‌సీజీ పదివేలకూ లక్షకూ మధ్య ఉంటే రెండు, ఊపిరితిత్తుల్లో కనిపించిన మచ్చలు నాలుగింటికి మించకపోతే ఒకటి. మొత్తం తొమ్మిదయింది. ఏడు, ఆపైన వస్తే ఎక్కువ ముప్పు కింద లెక్క. అప్పుడు నాలుగైదు మందులను కలిపి ఇవ్వాలి.

ఇంతలో అమ్మాయి, ఎనిమిది నెలల కిందట పాతపట్నంలో ‘కడిగించేసినాం’ అని ఏదో చెప్పబోయింది. నేను ఆగి, మరి ఇందాక ఎందుకు చెప్పలేదని అడిగాను. అత్తగారు తేలిగ్గా తీసేసింది: ‘అది పురుడేటి బాబూ, మూడు నెలలైనా నిండనేదు, అదీ లెక్కేనా?’ ఆమె తప్పేమీ లేదు. కాన్పు, పురుడు, నీళ్ళాడటం అన్న మాటలన్నీ బిడ్డ పుట్టడం గురించినవే. నెలలు నిండకుండా పోయినదానికి ‘కడుపు పోవడం’, ‘కడిగించుకోవడం’ అని వేరే మాటలున్నాయి. డాక్టరుగారు పాత అంకెలు కొట్టేసి, పోయిన గర్భానికి ఒకటి, ఏడు నుంచి పన్నెండు నెలల వ్యవధికి రెండు వేశారు. మొత్తం ఆరుకు దిగింది. ఆరు వరకు తక్కువ ముప్పు, ఒక్క మందుతోనే వైద్యం మొదలుపెడతారు. నేను అడిగిన ఒక్క మాట ఆ పిల్లకు మూడు అంకెలు అదనంగా వేయించింది.

మిగతా అంశాలు అనువాదంలో అంతగా చిక్కుపెట్టవు. కాలేయానికో మెదడుకో పాకితే ఒకేసారి నాలుగు అంకెలు పడతాయి, ఇదివరకు ఒక మందు పనిచేయకపోతే రెండు, రెండో అంతకంటే ఎక్కువో విఫలమైతే నాలుగు. పదమూడు, ఆపైన అంకె వచ్చినవారిలో చికిత్స మొదలైన తొలి వారాల్లోనే రక్తస్రావంతో చనిపోయే ముప్పు ఉంటుంది కనుక వారికి మందు కొద్దికొద్దిగా మొదలుపెడతారు. కానీ ఇంత భయపెట్టే జబ్బే మందులకు బాగా లొంగుతుందని కరపత్రంలో పెద్ద అక్షరాల్లో రాయాలి. 1956లో మెథోట్రెక్సేట్ అనే మందుతో కోరియోకార్సినోమా నయమైంది, శరీరంలో గడ్డగా పెరిగే కేన్సర్లలో మందుతో నయమైన మొదటిది అదే. తక్కువ ముప్పు ఉన్నవారు దాదాపు అందరూ కోలుకుంటారు. గర్భసంచి తీసేయాల్సిందేనని కుటుంబాలు ముందే నిర్ణయించుకోనక్కరలేదు.

‘కడిగించేశాం’ అనడంతోనే పని అయిపోయినట్టు ధ్వనిస్తుంది. పూర్తి ముత్యాల గర్భాన్ని, అంటే పిండమే ఏర్పడని రకాన్ని, తీసివేసిన తరువాత నూటికి పదిహేను నుంచి ఇరవై మందిలో జబ్బు మళ్ళీ తలెత్తుతుంది. కాబట్టి హెచ్‌సీజీ మామూలయ్యేదాకా వారం వారం, తరువాత ఆరు నెలలు నెలకోసారి పరీక్ష జరగాలి. ఆ కాలంలో గర్భం రాకుండా చూసుకోవాలి, ఎందుకంటే వస్తే హెచ్‌సీజీ పెరిగింది జబ్బు వల్లనా గర్భం వల్లనా అన్నది తేల్చడం కష్టమవుతుంది. ‘కడిగించాక ఆరు నెలల లెక్క’ అన్నదే కరపత్రానికి శీర్షికగా పెట్టవచ్చు.

‘కాన్పు’ లేకుండా ప్రశ్న ఎలా అడగాలన్నది మిగిలింది. ‘ఎన్నిసార్లు నెల తప్పింది?’ అంటే రక్తహీనతతో తప్పిన నెలలు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. ‘గర్భాలు’ అంటే పుస్తకంలో సరిపోతుంది గానీ, అత్తగారి చెవికి అదీ పురుడు లాగానే వినిపించవచ్చు. ‘ఎన్నిసార్లు కడుపుతో ఉన్నావు? ఒక్కొక్కటి ఎలా అయింది? ఆఖరిది ఎన్ని నెలల కిందట?’ అని మూడు ప్రశ్నలుగా విడదీస్తే పోయినవి, కడిగించినవి, నిలిచినవి అన్నీ బయటికి వస్తాయి. ‘కడుపు’ మోటుగా ఉందని మీలో కొందరంటారని తెలుసు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తిగారు ఈ పర్లాకిమిడిలోనే పోరాడారు గనుక ఇక్కడినుంచి వెళ్ళే కరపత్రంలో ఆ మాట రాయడానికి నేను వెనుకాడను. రాయగడ, గుణుపురం వైపు ‘కడుపుతో ఉండటం’కన్నా ‘నీళ్ళోసుకోవడం’ ఎక్కువగా వినిపిస్తుంటే అక్కడి సభ్యులు చెప్పండి. ఆ ప్రతిలో దానినే వేయిద్దాం.