జొన్న పిసరా, జొన్న పెసరా? శ్రీనాథుడి చాటువులో ఒక్క అక్షరం

నాగులేటి ఒడ్డు: రెండ్రోజుల్నుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది. "జొన్నకలి జొన్నయంబలి జొన్నన్నము జొన్న..." తర్వాత మా అమ్మమ్మ "పెసరు" అనేది, నాకు బాగా గుర్తు. నిన్న పుస్తకం తీస్తే "పిసరు" అనుంది. ఏది సరైంది? జొన్నలో పిసరేంటండీ?

కందప్రియ: పిసరే. కానీ ఛందస్సుతో తేలదు. ఇది కందపద్యం, ఆరో గణం "న్నపిసరు", నాలుగూ లఘువులు, అంటే నలం అనే గణం. పె కూడా హ్రస్వమే కదా, గణం చెడదు. యతి జొ-జొ దగ్గర కుదిరిపోయింది. నేనైతే పిసరంత అనే అర్థమే తీసుకుంటా, చివరికి నోట్లో పడే ఆ కాస్త కూడా జొన్నేనని.

మాచర్ల మాస్టారు: వెంటనే "జొన్నలె తప్పన్" అన్నాడు నాయనా, అందులో పెసలు ఎలా దూరతాయి? పెసరు అంటే పద్యం మొత్తం పోయె.

నాగులేటి ఒడ్డు: మాస్టారూ, మా ఊళ్ళో జొన్న చేలోనే పెసలు వేసేవాళ్ళు, రెండూ ఒక చేలోవే కదా అని నా ఆశ.

మట్టిజల్లెడ: పెసర మాటొచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నా. నేను తవ్వకాల్లో కాలిన గింజలు ఏరేపని చేశాను. పాత పొయ్యి మట్టి నీళ్ళ డ్రమ్ములో పోసి కలిపితే బొగ్గయిన గింజలు పైకి తేల్తాయి, సన్న జల్లెడలో పట్టి నీడలో ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తాం. పెసర బద్ద మిరియంలో సగం ఉంటుంది, లోపలి మొలక అచ్చు పొడుగుని బట్టి మినుమా పెసరా అని తేలుస్తారు. బళ్ళారి దగ్గర సంగనకల్లు లాంటి కొత్తరాతియుగం చోట్ల, క్రీ.పూ. 3000 తర్వాతి బూడిద దిబ్బల (పశువుల పేడ కాలి పేరుకున్న దిబ్బలు) కాలంలో, దొరికేవి అండుకొర్రలు, కొర్ర జాతి గడ్డి గింజలు, ఉలవలు, పెసలు. జొన్న, సజ్జ ఆఫ్రికా నుంచి తర్వాతెప్పుడో వచ్చినవి. అంటే మనవైపు జొన్న కంటే పెసరే పాతకాపు! పద్యంలో పెసరు ఉంటే నాకు ఎంత సంతోషమో.

కందప్రియ: సంతోషం వేరు, పాఠం (పద్యంలో అసలున్న మాట) వేరు అండీ. అయినా ఆఫ్రికా అన్నారు కాబట్టి, జొన్నని సంస్కృతంలో యవనాలం అంటారు, అంటే యవనుల ధాన్యం, బయట్నుంచి వచ్చిందే!

మాచర్ల మాస్టారు: కాదు. యవ, నాలం. యవల (బార్లీ) లాంటి కాడ ఉన్నదని. యవనులెవరూ లేరందులో. ప్రాకృతం మీదుగా జొన్న అయ్యింది, ఆ ద్విత్వం చూడు.

కందప్రియ: యవల కాడ ఎక్కడ, జొన్న దంటు ఎక్కడ మాస్టారూ, మనిషెత్తు ఉంటుంది అది. నేను ఒప్పుకోను.

మాచర్ల మాస్టారు: ఒప్పుకోకపోతే పోనీ. శ్రీనాథుడి కంటే తిండి రాసినవాడు లేడు. పల్నాడులో కృష్ణుడికే సవాలు విసిరాడు, "బచ్చలిశాకము జొన్నకూటితో మెల్లగ నొక్కముద్ద దిగమ్రింగుము", పూతన పాలు తాగావు, కార్చిచ్చు మింగావు, ఇది మింగు చూద్దాం అని. చింతచిగురు వేసి ఉడికించిన బచ్చలి! నేను చిన్నప్పుడు తిన్నదదే.

మట్టిజల్లెడ: మాస్టారూ, ఆ బచ్చలి నాకెప్పుడూ దొరకదు. ఆకు నిప్పులో పడితే బూడిదే, గింజలాగ బొగ్గయి నిలవదు. పాతమహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బలో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) పశువుల గిట్టల అచ్చులు కూడా నిలిచాయి, కానీ ఆ పశువులు కాసినవాళ్ళు ఏ ఆకుకూర వండుకున్నారో మట్టి చెప్పదు. ఇంకోటి, పాతకాలపు మనుషుల ఎముకల్లో కార్బన్ కొలిచినా జొన్న, సజ్జ, కొర్ర మూడిటికీ ముద్ర ఒకటే, వరి మాత్రం వేరు. అదే జొన్న పద్యంలో పల్నాటివాళ్ళకి "సన్నన్నము సున్న", అంటే వరన్నమే లేదు, అన్నది మాత్రం ఎముకలో పట్టుకోవచ్చు.

నాగులేటి ఒడ్డు: మా పెద్దమ్మకి ఫోన్ చేశా. ఆవిడ "పిసురు" అంటోంది! మూడో పాఠం వచ్చింది, రు ముందు ఉత్వం.

కందప్రియ: అదీ నలమే.