ప్రోటాన్ మాస్ కంప్యూటర్‌లో లెక్కగట్టారంటే, జవాబు ముందే తెలిసి కాదా?

బ్రాడీపేట_ఫిజిక్స్:
గుంటూరులో ఇంటర్ సెకండియర్‌కి ఫిజిక్స్ చెప్తాను. నిన్న క్లాసయ్యాక ఒక అమ్మాయి బోర్డు దగ్గరికొచ్చి, "సార్, ప్రోటాన్‌లో ఉండే రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్క్ మాస్‌లు కూడితే సుమారు 9 ఎంఈవీ (కణాల మాస్‌కి వాడే యూనిట్) వస్తోంది, ప్రోటాన్ మాత్రం 938, మిగతాది ఎక్కడిది?" అంది. క్వార్కుల్ని అతికించి ఉంచే గ్లూవాన్ల శక్తి, క్వార్కుల కదలిక అన్నాను. "ఎవరైనా లెక్క కట్టి చూపించారా?" అంది. 2008లో లాటిస్ (చుక్కల వల) పద్ధతిలో కంప్యూటర్ మీద చూపించారని చదివాను గానీ నాకే ఒక అనుమానం, ఆ 938 వచ్చేదాకా ఏవో అంకెలు సర్ది ఉండరా? రేపు ఆ పిల్లకి సరిగ్గా చెప్పాలి.

తెనాలి_లాటిస్:
సార్, నా పీహెచ్‌డీ ఈ లెక్కల మీదే. మీ అనుమానం న్యాయమైనదే, కానీ సర్దడానికి అక్కడ అన్ని అంకెలు ఉండవు. ముగ్గు చుక్కలు గుర్తు తెచ్చుకోండి. క్వార్కులు చుక్కల మీద, గ్లూవాన్లు చుక్కల్ని కలిపే గీతల మీద ఉంటాయి, కాకపోతే ఈ ముగ్గు మూడు దిక్కులతో పాటు కాలంలోకి కూడా సాగుతుంది. 1974లో కెన్నెత్ విల్సన్ చూపిన దారి ఇది. 2008 లెక్కలో ప్రయోగాల నుంచి తీసుకున్న మాస్‌లు మూడే: పయాన్, కేయాన్, క్సై అనే కణాలవి (ఇవీ క్వార్కులతో తయారైనవే). మొదటి రెండిటితో క్వార్క్ మాస్‌లు కుదురుతాయి, మూడోదానితో చుక్కకీ చుక్కకీ ఎంత దూరమో తెలుస్తుంది. ఆ తర్వాత ప్రోటాన్‌ది దానంతటదే రావాలి. 936 వచ్చింది, అటూ ఇటూ ఓ 33.

మాస్ ఎలా చదువుతారంటే, ప్రోటాన్‌ని ఒకచోట పుట్టించి కాలంలో కొన్ని చుక్కల అవతల పట్టుకుంటారు. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది, ఎంత వేగంగా తగ్గితే అంత మాస్. ఆ వేగాన్ని గ్రాఫ్ గీస్తే మొదట పాయింట్లు పైనుంచి దిగుతాయి, తర్వాత ఓ నాలుగైదు ఒకే ఎత్తులో నిలబడతాయి, ఆ ఎత్తే మనక్కావాల్సింది, ఇంకాస్త ముందుకెళ్తే అన్నీ నాయిస్‌లో చెదిరిపోతాయి. ఆ నాలుగైదు పాయింట్లు నిలబడిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కృష్ణలంక_కోడర్:
అన్నా, అసలు ప్రపంచంలో చుక్కలు లేవు కదా, మధ్యలో ఖాళీ ఉంటే జవాబు తప్పు రాదా? పైగా 938 అందరికీ తెలుసు. ఎవరికీ సరిగ్గా తెలియని మాస్ ఏదైనా ముందే చెప్పారా?

తెనాలి_లాటిస్:
తప్పే వస్తుంది తమ్ముడూ, అందుకే ఒక్క ముగ్గుతో ఆగలేదు. 0.125, 0.085, 0.065 ఫెర్మీల దూరాలతో మూడుసార్లు చేసి (ఫెర్మీ అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లో వంతు), దూరం సున్నా అయితే ఎంత రావాలో అక్కడిదాకా గీత పొడిగించారు.

ముందే చెప్పింది ఉంది, మాస్టారు రేపు క్లాసులో చెప్పాల్సింది కూడా అదే. బీసీ మీసాన్ అనే, క్వార్కులతోనే తయారైన ఇంకో కణం మాస్ అప్పటిదాకా 6400, అటూ ఇటూ 400 అని మాత్రమే తెలుసు. 2004 చివర్లో లాటిస్ వాళ్లు 6304 అని రాసి పెట్టారు, తేడా ఉంటే 20 చుట్టూనే ఉంటుందన్నారు. కొన్ని నెలలకి, 2005లో, అమెరికాలోని ఫెర్మీల్యాబ్ అనే కణ భౌతికశాస్త్ర ల్యాబ్‌లో సీడీఎఫ్ అనే ప్రయోగం వాళ్లు కొలిచారు. 6287 వచ్చింది.