ఫిల్టర్ వేశాక కనిపించే వరుసలను మాత్రమే లెక్కపెట్టడం ఎలా?

ప్రశ్న: నమస్కారమండి. మా అపార్ట్‌మెంట్ సంఘం నిర్వహణ రుసుము లెక్కలను ఎక్సెల్‌లో రాస్తున్నాను. ‘ఎ’ కాలమ్‌లో ఫ్లాట్ నంబరు, ‘బి’లో బ్లాకు, ‘సి’లో చెల్లించిన సొమ్ము ఉన్నాయి. బ్లాకు మీద ఫిల్టర్ వేసి ఒక్క ‘డి’ బ్లాకునే ఉంచినా, ఎ2 నుంచి ఎ241 దాకా కౌంటా ఫార్ములా వేసిన గడిలో 240 అనే వస్తోంది. తెర మీద ఉన్న ఫ్లాట్లే లెక్కకు రావాలంటే ఏం చేయాలి?

జవాబు: కౌంట్, కౌంటా, కౌంట్‌ఇఫ్‌లకు ఫిల్టర్‌తో నిమిత్తం లేదండి, వరుస కనిపించినా, కనిపించకపోయినా లెక్కవేస్తాయి. మీకు కావలసింది సబ్‌టోటల్. =సబ్‌టోటల్(3,ఎ2:ఎ241) అని రాయండి (షీటులో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి సుమా). ఇక్కడ 3 అంటే ఖాళీగా లేని గడులను లెక్కించమని. దాని బదులు 9 వేసి ‘సి’ కాలమ్ ఇస్తే ఆ బ్లాకు వసూలు మొత్తం వస్తుంది. లెక్కింపునకు ‘ఎ’ కాలమే మంచిది, ఎందుకంటే రుసుము కట్టనివారి ‘సి’ గడి ఖాళీగా ఉంటే ఆ ఫ్లాటు లెక్కలోంచి జారిపోతుంది. ఫార్ములాను పట్టిక పక్కన పెడితే ఫిల్టర్ వేసినప్పుడు ఆ వరుసతో పాటు అదీ మాయం కావచ్చు కాబట్టి, శీర్షికలకు పైన రెండు వరుసలు చేర్చి అక్కడ పెట్టండి. గడుల చిరునామాలు వాటంతటవే సర్దుకుంటాయి.

ప్రశ్న: ధన్యవాదాలండి, సరిగ్గా వచ్చింది. అయితే ఫిల్టర్ తీసేసి, అద్దెకు ఎవరూ లేని ఫ్లాట్ల వరుసలను కుడి క్లిక్‌తో హైడ్ చేస్తే అవి మళ్లీ లెక్కలోకి వస్తున్నాయి. ఇంకొకటి, ‘డి’ బ్లాకులో రూ. 2000 కంటే తక్కువ కట్టినవారు ఎందరో కూడా తెలియాలి.

జవాబు: మొదటిదానికి 3 బదులు 103 వేయండి. రెండు అంకెలూ ఫిల్టర్ దాచిన వరుసలను వదిలేస్తాయి గానీ, మనం చేత్తో దాచినవాటిని వదిలేసేది 103 మాత్రమే.

రెండోదానికి సబ్‌టోటల్‌ను సమ్‌ప్రొడక్ట్, ఆఫ్‌సెట్‌లతో ముడిపెట్టే దారి ఉంది కానీ, ఆరు నెలల తరువాత చూస్తే రాసినవారికే అర్థం కాదు. షరతులు రెండే కదా, ఫిల్టర్ జోలికి పోకుండా =కౌంట్‌ఇఫ్స్(బి2:బి241,"డి",సి2:సి241,"<2000") అని రాస్తే సరిపోతుంది. పైన వరుసలు చేర్చి ఉంటే ఆ మేరకు అంకెలు మార్చుకోండి. ఒక్క జాగ్రత్త: కౌంట్‌ఇఫ్స్ ఖాళీ గడిని 2000 కంటే తక్కువగా పరిగణించదు, కనుక అసలేమీ కట్టనివారి ఎదుట తప్పకుండా 0 వేయండి.