పక్కింటి అక్కతో మాటల్లేవు, జాతరేమో వచ్చేస్తోంది

బైరాగిపట్టెడ కోడలు:
మాది తిరుపతి, బైరాగిపట్టెడలో సొంతిల్లు. పక్కింటి అక్కా నేనూ ఆరేళ్లుగా గోడ మీద నుంచే కూర గిన్నెలు అందించుకునేవాళ్లం. ఫిబ్రవరిలో వాళ్ల బంధువులు దర్శనానికొచ్చి, కారు సరిగ్గా మా గేటుకి అడ్డంగా పెట్టి కొండెక్కేశారు. తాళం వాళ్ల దగ్గరే. సర్వదర్శనం కదా, ఎప్పుడు దిగుతారో ఆ స్వామికే తెలియాలి. ఆ రోజే మామగారికి ఆయాసం, మా కారు లోపల ఇరుక్కుపోయింది, చివరికి ఆటోలో తీసుకెళ్లాం. ఆ టెన్షన్‌లో "మీ ఇల్లేమైనా సత్రమా" అనేశాను. అంతే, మాటల్లేవు. (మా ఇంటికీ నెలకో బ్యాచ్ దిగుతుంది, అది వేరే సంగతి.)

మంగళవారం రాత్రి గంగమ్మ జాతర చాటింపు. జాతరలో రోజుకో వేషం కదా, బుధవారం బైరాగి వేషానికి ప్రతి ఏడూ వాళ్ల బాబుకీ మావాడికీ మా అత్తగారే ఒంటికి నామం కొమ్ము (తెల్ల సుద్ద) పూస్తారు. "అన్న ఈసారి రాడా" అని మావాడు ఒకటే పోరు. ఏం చేయమంటారు?

కొర్లగుంట అన్న:
కారు తప్పు వాళ్లది, నోటి తప్పు మీది. గేటుకి 'నో పార్కింగ్' బోర్డు తగిలించండి, ఇకమీదట వచ్చేవాళ్లు తాళం ఇంట్లో ఇచ్చి వెళ్లాలని చెప్పేయండి. మొహమాటపడితే మళ్లీ ఇదే కథ.

చిత్తూరు పిన్ని:
ఇప్పుడు బోర్డు పెడితే ఆమె కోసమే పెట్టినట్టుంటుందయ్యా! అమ్మాయీ, చాటింపయ్యాక జాతర ముగిసేదాకా ఊరు దాటకూడదంటారు కదా, వారమంతా ఎదురెదురుగానే ఉంటారు, ఎన్నాళ్లు మొహం చాటేస్తారు? "నామం కొమ్ము నానబెట్టాను, పిల్లోణ్ని పంపు" అని మీ అత్తగారి చేత చెప్పించు. కారు సంగతి ఎత్తొద్దు.

లీలామహల్ దగ్గర:
పెద్దావిణ్ని ముందుకి తోయడమేంటి పిన్నీ? సత్రం అన్నది ఈమె, వెళ్లి తప్పయిందని చెప్పాల్సిందీ ఈమే.

బైరాగిపట్టెడ కోడలు:
పిన్ని చెప్పినట్టే అత్తగారు పిలిచారు. బాబు వచ్చాడు, ఇద్దరూ తెల్లగా పూసుకుని గుడికి వెళ్లొచ్చారు. అక్క రాలేదు. ఫిబ్రవరి నుంచి వాళ్ల దగ్గరుండిపోయిన మా గిన్నె మాత్రం బాబు చేతికిచ్చి పంపింది, ఖాళీగా. ఆ అక్క ఎప్పుడూ ఖాళీ గిన్నె పంపిన మనిషి కాదు. రేపు బండ వేషానికి బాబుని పిలవడానికి నేనే వెళ్తా.