సమస్య: మంట లేని చోట మంట పుట్టె

నిర్వాహకుడు: ఆటవెలది చివరి పాదం ఇచ్చాను. ఘాటు ఏ పదార్థం వల్ల, ఎలా పుడుతుందో పద్యంలో ఆనవాలు ఉండాలి. ఉత్త "కారం, కారం" అంటే కుదరదు.

పద్యప్రియ:
మిరప కొరక నాల్క మిన్నంటి మండెను
వేడి యనుచు మెదడు వెఱచి పోయె
కణపు తలుపు తెఱచె కాప్సెయిసిను వచ్చి
మంట లేని చోట మంట పుట్టె

నిర్వాహకుడు: రెండో పాదమే ఈ పూరణకి ప్రాణం. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునే, నరాల కొసల్లో తలుపులా పనిచేసే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్నే మిరపలోని కాప్సెయిసిన్ కూడా తెరుస్తుంది. మెదడుకి ఆ తేడా తెలియదు. దీన్ని 1997లో బయటపెట్టిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021 నోబెల్‌లో వాటా దక్కింది. "మిన్నంటి" మాత్రం యతి కోసం తెచ్చిపెట్టుకున్నట్టుంది. నాలుక మీది మంట మింటికెలా పోతుందండీ?

పద్యప్రియ: ఓ పచ్చిమిరపకాయ నమిలి, అప్పుడు అడగండి.

గురులఘువు:
ఆవ నూరినంత నావిరై ఘాటెక్కె
ముక్కు పుటము లదరె మూర్ధమంటె
నాల్క చల్లనుండె నాసిక మండెను
మంట లేని చోట మంట పుట్టె

నిర్వాహకుడు: "నూరినంత" భలే పడింది. గింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. నల్ల ఆవాల్లో సినిగ్రిన్ అనే పదార్థం ఒక అరలో, మైరోసినేస్ ఎంజైమ్ మరో అరలో ఉంటాయి. నూరి తడి తగిలిస్తే రెండూ కలిసి ఘాటైన అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. అది ఇట్టే ఆవిరయ్యే రకం, అందుకే నేరుగా ముక్కుకెక్కుతుంది. ముందే వేడి నూనెలో వేస్తే ఎంజైమ్ పాడైపోతుంది, ఘాటు రాదు. ఒక్క లోపం: "మండెను" అనేశాక మళ్లీ "మంట పుట్టె" పునరుక్తి. "నాసిక భగ్గన" అంటే గణాలూ చెడవు.

గురులఘువు: బావుంది, మార్చేస్తాను.

కొత్తకలం:
అల్లమెండ శొంఠి యయ్యెను ఘాటెక్కె
నీరు పోవ గుణము నిగ్గు దేరె
పొయ్యి మీద పెట్ట పోయెను కారమ్ము
మంట లేని చోట మంట పుట్టె

పద్యప్రియ: మూడో పాదంలో కారం పోగొట్టి, నాలుగో పాదంలో మంట ఎక్కణ్ణుంచి తెచ్చారు?

నిర్వాహకుడు: అన్వయం అక్కడే తెగింది. విషయంలో తప్పు లేదు, ఉడికితే అల్లం ఘాటుకి మూలమైన జింజరాల్ కొంత జింజరోన్‌గా మారి ఘాటు తగ్గుతుంది. కానీ ఈ సమస్యకి అది అడ్డం. "పొయ్యి నెక్కలేదు పొంగెను కారమ్ము" అని చూడండి. అప్పుడు మొదటి "మంట" పొయ్యిది, రెండోది నాలుకది. "నీరు పోవ" మాత్రం ముట్టుకోకండి. అల్లంలో తడి ఆరడమే కాదు, జింజరాల్ అణువు నుంచి ఒక నీటి అణువు ఊడిపోతేనే అంతకన్నా ఘాటైన షోగాల్ అవుతుంది. ఇవాళ్టి పూరణల్లో నాకు నచ్చిన మాట ఇదే.

కొత్తకలం: ధన్యవాదాలండీ, ఆ రెండో అర్థం నేను అనుకుని రాసింది కాదు! మిరియాల మీద ఎవరూ రాయలేదేం?

నిర్వాహకుడు: రాయండి. మిరియాల్లోని పైపరీన్ తట్టేదీ మిరప తలుపే, కాకపోతే చాలా మెల్లగా.