పాంటోప్రజోల్ మూడు రోజుల్లో పనిచేయకపోతే మార్చేయాలా?

నిద్రపట్టని రాత్రి:
గుండెల్లో మంటకి డాక్టర్ పాంటోప్రజోల్ 40 రాశారు, నాలుగు వారాలు వాడమన్నారు. ఇవాళ మూడో రోజు. రాత్రి పడుకోగానే పుల్లగా గొంతు దాకా ఎగదన్నుకొస్తూనే ఉంది. మాత్ర వేసుకుంటే గంటలో తెలియాలి కదా? ఈ మందు నాకు పడలేదు, మార్పించుకోవడమే మంచిది అనుకుంటున్నా.

కొండగాలి:
తొందరపడకండి. వెంటనే తెలిసేది యాంటాసిడ్‌తో. అది కడుపులో ఉన్న యాసిడ్‌ని అప్పటికప్పుడు విరిచేస్తుంది, కాసేపటికి మళ్ళీ మామూలే. పాంటోప్రజోల్ అసలు యాసిడ్ తయారుచేసే పంపుల్నే మూసేస్తుంది, కాకపోతే ఆ సమయానికి నడుస్తున్నవాటినే మూయగలదు, పైగా రక్తంలో ఉండేది కొద్ది గంటలే. మిగిలిపోయినవీ కొత్తగా పుట్టేవీ మర్నాటి మాత్రకు దొరకాలి. అందుకే పూర్తిగా పట్టు రావడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. ఇంతకీ ఎప్పుడు వేసుకుంటున్నారు?

నిద్రపట్టని రాత్రి:
రాత్రి భోజనం అయ్యాక. మంట అప్పుడే కదా.

కొండగాలి:
చిక్కంతా అక్కడే ఉంది. పంపులు జోరుగా పనిచేసేది తిండి పడ్డాక, అప్పటికే మందు రక్తంలో ఉండాలి. అంటే తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు, మామూలుగా పొద్దున పరగడుపున. చీటీలో ఏం రాశారో ఒకసారి చూడండి. తిన్నాక వేసుకున్న మూడు రోజుల్ని బట్టి మందు పనిచేయలేదని తేల్చేయకండి.

తేటనీరు:
ఆగమని చెప్పడం తేలికే. మా అమ్మని కూడా ఇలాగే రెండు నెలలు ఆగమన్నారు, ముద్ద దిగడం లేదని ఆవిడ చెప్తూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు, చివరికి ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక ఇరుకైపోయిందని తేలింది. మింగడం కష్టమైనా, ఊరికే బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా రోజులు లెక్కపెడుతూ కూర్చోకూడదు. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకి చెమటలు పడితే అది గుండె కావచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

కొండగాలి:
అందులో వాదన లేదు, మీ అమ్మగారి విషయంలో జరిగింది తప్పే. కానీ ఆ లక్షణాలేవీ లేనివాళ్ళు మూడో రోజే ఆపేస్తే నష్టపోతారు. మంట తగ్గడం వేరు, లోపల ఒరుపు మానడం వేరు. అన్నవాహిక ఒరిసిపోయి ఉంటే అది మానడానికి 4 నుంచి 8 వారాలు కావాలి.

తేటనీరు:
సరే, మరి ఈ మొదటి నాలుగు రోజులు మనిషి నిద్రపోవద్దా? ఫామోటిడిన్ అని యాసిడ్ తగ్గించే ఇంకో మాత్ర ఉంది, గంట లోపే పనిచేయడం మొదలుపెడుతుంది, ఈలోగా అది వాడొచ్చా అని డాక్టర్‌ని అడగొచ్చుగా. ఇంకోటి, ఎప్పుడు ఆపాలో కూడా ఇప్పుడే అడగండి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే యాసిడ్ కొన్నాళ్ళు మామూలు కంటే ఎక్కువ ఊరుతుంది, జబ్బు తిరగబెట్టిందనుకుని చాలామంది మళ్ళీ మొదలుపెట్టేస్తారు.

నిద్రపట్టని రాత్రి:
చీటీ చూశా, పొద్దున తినక ముందు అనే ఉంది. మింగడానికి ఇబ్బంది లేదు, బరువూ తగ్గలేదు. ఫామోటిడిన్ గురించి రేపు ఫోన్ చేసి అడుగుతా. రేపటి మాత్రనే మొదటిది అనుకుని ఐదో రోజు వచ్చి ఎలా ఉందో రాస్తా.